ఆరు ఆకుల చక్రం

ఆదివారం పొద్దున ఏడు కొట్టకముందే ఫోర్‌మన్ షారుఖ్ వచ్చి, స్టోరు కౌంటరు మీద ఒక నల్లటి రబ్బరు ముక్క పెట్టాడు.

"గంగన్న భాయ్, జర చూసి చెప్పు. ఇది మన స్టోర్ మాలేనా?"

గంగన్న చెయ్యి చాచలేదు. మామూలుగా అయితే చాచేవాడు. కళ్లకు గంతలు కట్టి బేరింగు చేతిలో పెడితే ఏ బండిదో, ఏ చక్రందో చెప్పగలడని ఒమాన్‌లో, ఈ ఘాలా పేటలోని గ్యారేజీలన్నింటా అతనికి పేరు. ముప్పై రెండేళ్ల సర్వీసు మరి. ఆ పేరంటే లోలోపల అతనికి కాస్త గర్వం కూడా. కానీ ఈ ముక్కను ముట్టుకోకుండానే పోల్చుకున్నాడు. బ్రేకు మాస్టర్ సిలిండర్‌లో వేసే రబ్బరు కప్పు అది. అంచు చుట్టూ సన్నగా బీటలు వారి ఉంది.

"గుర్తు చూడు. ఆకులు లెక్కపెట్టు" అన్నాడు షారుఖ్.

వాళ్ల కంపెనీ అమ్మేది, బిగించేది హెల్మ్‌రాత్ అనే జర్మనీ కంపెనీ బ్రేకు సామాను. ప్రతి సామాను మీదా చిన్న బండి చక్రం అచ్చు వేసి ఉంటుంది. ఆ చక్రానికి ఇరుసు నుంచి అంచుదాకా పోయే ఆకులు మూడే. కేటలాగు మొదటి పేజీలోనే రాసి ఉంటుంది, మూడు ఆకులుంటే అసలు, లేకుంటే నకిలీ అని. ఈ రబ్బరు మీద చక్రానికి ఆరు ఆకులున్నాయి.

"డూప్లికేట్" అని తీర్పు చెప్పేశాడు షారుఖ్. "సమాయిల్ ఊరి నీళ్ల ట్యాంకర్ లేదూ, ఖర్జూరం తోట వాళ్లది? గురువారం బ్రేకు ఫెయిలై గోడకు కొట్టింది. డ్రైవర్ కాలు విరిగింది. పది రోజుల కింద ఈ రబ్బర్ల కిట్టు వేసింది మన మెకానిక్ సంజీవే. అసలు కిట్టు ఎవరికో అమ్ముకుని, బజార్‌లో నకిలీది కొని వేసిండని ఆఫీసోళ్లు అంటున్నరు. వాడేమో గంగన్న కాకనే ఇచ్చిండు అంటడు. కంప్యూటర్ చూస్తే ఆ కిట్టు స్టాకే లేదు. మూడేళ్ల సంది సున్నా. నువ్విచ్చినవా?"

గంగన్న కౌంటరు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. దుమ్ము లేదు, అయినా తుడిచాడు.

"కంప్యూటర్‌ల లేనిది నేనెక్కడికెల్లి ఇస్త?" అన్నాడు.

అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అడిగినవాడికి మాత్రం జవాబులాగే వినిపించింది. షారుఖ్ రబ్బరు ముక్కను కవర్లో వేసుకుని ఆఫీసు మెట్లెక్కాడు.

అతను వెళ్లాక గంగన్న స్టోరు లోపలికి నడిచాడు. సైలెన్సర్ల వరుస దాటి, పాత రేడియేటర్ల వెనక, గోడ మూలన కింది అరలో పద్నాలుగు రేకు డబ్బాలున్నాయి. పది రోజుల క్రితం పదిహేను. మూతల మీద చక్రాలు, చక్రానికి ఆరేసి ఆకులు. లోపల రబ్బరు కప్పులు జిడ్డు కాగితంలో చుట్టి, నిన్న మొన్న ప్యాక్ చేసినట్టు నిగనిగలాడుతూ ఉంటాయి. అతను ఈ దేశానికి వచ్చిన కొత్తలో తన చేత్తో విప్పిన మొదటి పెట్టెలోవి అవి. వాటికి ఆరు ఆకులెందుకో అతనెన్నడూ అడగలేదు.

రబ్బరు సామాను రెండేళ్లు దాటితే బ్లేడుతో కోసి డ్రమ్ములో పడేయాలని కంపెనీ రూలు. ప్రతి డిసెంబరులోనూ గంగన్న కోసేవాడు. పాతవి మిగల్లేదని కాగితం మీద సంతకమూ పెట్టేవాడు. ఈ డబ్బాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడేది కాదు. చినిగిన గోనెసంచికి కూడా కుట్టేసి వాడుకునే ఇంట పుట్టినవాడు, మూత తెరవని కొత్త సామానును ఎట్లా కోస్తాడు? ఈ సంవత్సరం ఉండనీ అనుకునేవాడు. అట్లా ముప్పై డిసెంబర్లు గడిచాయి. ఆ దాపరికాన్ని మనసులో పొదుపు అని పిలుచుకున్నాడు గానీ మోసం అని ఏనాడూ అనుకోలేదు. మనిషి తన తప్పుకు ఎప్పుడూ మంచి పేరే పెట్టుకుంటాడు.

పది రోజుల కింద సంజీవ్ పరుగున వచ్చాడు. "కాకా, సమాయిల్ ట్యాంకర్ పాత బండి. కిట్టు జర్మనీకెల్లి రావాలంటే నెలన్నర పడ్తదట. అప్పటిదాంక నీళ్లు లేకుంటే తోట ఎండిపోతదని ముసలాయన ఏడుస్తుండు" అన్నాడు. గంగన్నకు ఛాతీ ఉప్పొంగింది. కంప్యూటరు లేదన్నది తన దగ్గరుంది! ఆ మాట చెప్పకుండా లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి, కౌంటరు మీద టక్కున పెట్టాడు. రసీదు లేదు, ఎంట్రీ లేదు. సంజీవ్ ముఖంలో వెలుగు చూసి ఆ రోజంతా సంబరపడ్డాడు.

ఆ సంబరమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మధ్యాహ్నం ఎండకు పని ఆపిన వేళ, షెడ్డు నీడలో అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. సంజీవ్ డబ్బా విప్పలేదు. కోరుట్ల పిల్లాడు, ఐటీఐ చదివాడు, ఇంగ్లీషు కాగితాలు చదవగలడు, చేతిలో పనుంది. ఏడాది కింద సింధూజతో పెళ్లయింది. నేరుగా గంగన్న ముందుకొచ్చి గొంతుకూర్చున్నాడు.

"కాకా, నా మొఖం జూసి చెప్పు. డబ్బా నువ్వియ్యలే?"

గంగన్న అన్నం ముద్ద కలుపుతూ ఉండిపోయాడు.

"నన్ను దొంగ అంటున్నరు కాకా. వీసా కొట్టేసి పంపుతరట. మళ్లా ఈ దేశంల అడుగువెట్టకుండ బ్యాన్ రాస్తరట. సింధూజకు ఏం చెప్పాలె నేను? నువ్వొక్క మాట చెప్తే అయిపాయె."

"నాకు యాదికి లేదురా" అన్నాడు గంగన్న. "రోజుకు నూరు డబ్బాలు ఇస్త. ఏది ఎవలికి ఇచ్చిన్నో ఎట్ల యాదుంటది?"

సంజీవ్ ఆ ముఖంలోకి చాలాసేపు చూశాడు. పదేళ్ల కింద అమ్మిన నట్టు నంబరు కూడా చెప్పగల మనిషి ఈ మాట అంటున్నాడు. "మంచిగుంది" అని లేచిపోయాడు. సాయంత్రం కంపెనీ బస్సులో ఎప్పుడూ గంగన్న పక్కన కూర్చునేవాడు, వెనక సీటులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. దారంతా గంగన్న తన పక్కనున్న ఖాళీ సీటు మీద చెయ్యి వేసి ఉంచాడు. ఎవరికోసం ఆపుతున్నాడో అతనికే తెలియలేదు.

భయం అతనికి డబ్బు గురించి కాదు. ఇంకో రెండేళ్లలో అరవై నిండుతాయి. అప్పుడు అందరూ నిలబడి చేతులు కలిపి పంపుతారు. ముప్పై డిసెంబర్ల దొంగ సంతకాలు బయటపడితే ఆ మర్యాద మిగలదు. ఊళ్లో కూడా అంటారు, గంగన్నను వెళ్లగొట్టిండ్రట అని. పిల్లవాడు ఇంకా చిన్నవాడు, వేరే దేశం పోయి బతుకుతాడులే అనుకుని చూశాడు. అనుకున్నంతసేపు బాగానే ఉంది. ఆ తర్వాత తనమీద తనకే రోత పుట్టింది.

సోమవారం షారుఖ్ అతన్ని సమాయిల్ తీసుకెళ్లాడు. విరిగిన బండిలోంచి ఏ సామాను మనది, ఏది కాదు అని చూడడానికి స్టోరు మనిషి కావాలట. తోట మొదట్లో ట్యాంకర్ మూతి పగిలి నిలబడి ఉంది. గంగన్న బానెట్ కింద దూరి, బ్రేకు పెడల్ నొక్కి, సిలిండర్ విప్పించి చూశాడు. పని శుభ్రంగా ఉంది. గొట్టాల బిగింపు, నట్ల మీద రెంచి పడిన తీరు, ఆయిల్ పోసిన కొలత, ఏ ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. సంజీవ్ చేతి పని అది. చెడింది ఒక్క రబ్బరే. పైకి నిగనిగలాడినా ముప్పై ఏళ్లకు లోపల బిగుసుకుపోయి, ఈ ఎండకు, వేడి ఆయిల్‌కు వారం రోజుల్లో పగిలింది. పెడల్ నేలకంటింది.

డ్రైవర్ వీరబ్రహ్మం తోట చివర గదిలో పడుకుని ఉన్నాడు. కడప మనిషి. తొడ దాకా కట్టు. తెలుగు మాట వినగానే లేచి కూర్చోబోయాడు.

"పడుకో తమ్మీ, లేవకు" అన్నాడు గంగన్న.

"రాన్నా, కూర్చో. నీళ్లు తాగు, ఆ కుండలో ఉండాయి." గోడకు జారగిలబడి, అడక్కుండానే చెప్పుకొచ్చాడు. "దిగుడు దావన్నా. తొక్కతా ఉండా, పెడలు అట్టే కిందికి పోతా ఉండాది. ముందర పిల్లోళ్లు ఆడుకుంటా ఉన్నారు. అందుకని గోడకు తిప్పితి. ఇప్పుడు మా సేటు అంటాడు, తప్పు నీది కాదురా, ఆ మెకానిక్కుది, దొంగ సామాను ఏసినాడని. ఆ పిల్లోడు అట్టాటోడు కాదన్నా. బండి కింద పండుకోని నాలుగు గంటలు పని జేసినాడు. నేను టీ ఇస్తే గూడా, చేతులు మురికిగా ఉండాయని తాగలే."

గంగన్న నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవురిదైతే ఏముండాది లే" అన్నాడు వీరబ్రహ్మం, కట్టు మీద ఈగను తోలుకుంటూ. "కాలు నాదే గదా."

తిరుగుదారిలో షారుఖ్ ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాడు. గంగన్నది తేలు కుట్టిన దొంగ పరిస్థితి. ఊఁ అన్నాడు, ఆఁ అన్నాడు.

మంగళవారం నాదియా అతన్ని ఆఫీసుకు పిలిచింది. కంపెనీలో కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. ఒమానీ అమ్మాయి, నలభై లోపే, హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. మాటలో కరుకుదనం లేదు, మెత్తదనమూ లేదు.

"గంగన్నా, రేపు జర్మనీ నుంచి హెల్మ్‌రాత్ వాళ్ల మనిషి వస్తోంది. వాళ్ల కంపెనీకి నూరేళ్లట. చరిత్ర రాస్తోంది. నకిలీల విషయంలో మనం ఎంత గట్టిగా ఉంటామో ఆమెకు చూపించాలి. సంజీవ్ కాగితాలు తయారయ్యాయి. ఇందులో నీ సంతకం కావాలి, ఈ కిట్టు స్టోరు నుంచి పోలేదని."

కాగితం ముందుకు తోసి, దాని మీద పెన్ను పెట్టింది. గంగన్న కాగితం వైపు చూశాడు.

"కళ్లద్దాలు రూమ్‌ల మరిచిపోయిన మేడమ్. రేపు చేస్త."

కళ్లద్దాలు అతని చొక్కా జేబులో, సగం బయటకే కనిపిస్తున్నాయి. నాదియా వాటిని చూసింది. కాగితాన్ని మళ్లీ ఫైల్లో పెట్టుకుంది. "రేపు తప్పకుండా" అంది.

బుధవారం పది గంటలకు వర్క్‌షాపులో రెండు బండ్లు బయటకు తోసి, ఆ జాగాలో కుర్చీలు వేశారు. నలభై మంది కూర్చున్నారు. సంజీవ్ వెనక వరుసలో, గోడకానుకుని నిలబడ్డాడు. అతని పక్కన షారుఖ్ ఉన్నాడు, కాపలాకు ఉన్నాడో తోడుకు ఉన్నాడో తెలియనట్టుగా.

జర్మనీ ఆవిడకు యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. ఎండకు ముఖం కందిపోయినా నవ్వుతూనే ఉంది. తెర మీద ఒక్కొక్క బొమ్మ వేస్తూ ఇంగ్లీషులో చెబుతుంటే, నాదియా హిందీలోకి మారుస్తోంది.

మొదట జీనులు కుట్టే ఇద్దరు అన్నదమ్ములట. గుర్రపుబండ్ల ఇరుసులకు తోలు వాషర్లు కోసేవారట. అందుకే బండి చక్రం గుర్తు. మోటార్లు వచ్చాక బ్రేకులకు తోలు కప్పులు, తర్వాత రబ్బరు కప్పులు. యుద్ధం వచ్చింది. ఆ బొమ్మ దగ్గర ఆవిడ నవ్వు ఆపేసింది. బక్కచిక్కిన మనుషులు మిషన్ల ముందు నిలబడి ఉన్నారు. "వీళ్లు కూలికి వచ్చినవాళ్లు కాదు. వేరే దేశాల నుంచి పట్టుకొచ్చి పని చేయించారు. చాలా ఏళ్లు మా కంపెనీ ఈ మాట దాచింది. ఇప్పుడు దొరికిన పేర్లన్నీ చరిత్రలో రాస్తున్నాం" అంది. ఆ బొమ్మలోని మనుషులు నిలబడ్డ తీరు ఆ వర్క్‌షాపులో చాలామందికి తెలిసిన తీరే.

యుద్ధం అయ్యాక దేశం రెండు ముక్కలైంది. అన్న ఒక పక్క ఉండిపోయాడు, తమ్ముడు సరిహద్దుకు ఇవతల కొత్త ఫ్యాక్టరీ పెట్టాడు. ఇద్దరూ అవే సామాన్లు చేశారు. గుర్తు పట్టడానికి తమ్ముడు చక్రంలో మూడు ఆకులు తీసేశాడు. అన్న మాత్రం పాత చక్రాన్నే ఉంచుకున్నాడు.

"ఆరు ఆకుల చక్రం" అంది నాదియా హిందీలో. అని, ఒక్క క్షణం ఆగింది.

దేశాన్ని చీల్చిన గోడ కూలాక తమ్ముడి కంపెనీయే అన్న ఫ్యాక్టరీని కొని, రెండేళ్లు నడిపి మూసేసింది. మిగిలిన సరుకును దొరికిన దేశానికల్లా పంపేశారు. మిషన్లు కరిగించారు. "ఆ ఫ్యాక్టరీలో మా అమ్మ పని చేసింది. ఆరు ఆకులున్న సామాను ఒక్కటంటే ఒక్కటి మా దగ్గర లేదు" అంది ఆవిడ.

గంగన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నకిలీ కాదు. అసలుది. అసలుదే. దొంగతనమే జరగనప్పుడు దొంగ ఎక్కడ? కానీ ఆ మాట నిలబడాలంటే డబ్బాలు బయటకు రావాలి. డబ్బాలు వస్తే వాటి వెంట అతనూ బయటకు రావాలి. నాదియా ఫైలు తీసి ఒడిలో పెట్టుకుంది. అందులో సంజీవ్ కాగితం ఉంది. కింద అతని సంతకానికి జాగా ఖాళీగా ఉంది.

అతను లేచాడు. బాత్రూముకు పోతున్నాడనుకున్నారు అందరూ. స్టోరులోకి వెళ్లి, సైలెన్సర్లు దాటి, రేడియేటర్ల వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఒక డబ్బా తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తిరిగొచ్చి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు.

ఆవిడ మూత మీది చక్రం చూసింది. ఆకుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. రెండు చేతులతో డబ్బా ఎత్తుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. తనవాళ్లను తలచుకుని ఏడ్చే మనిషి ఏ దేశందైనా ఒక్కలాగే ఉంటుంది.

"ఇంకా పదమూడు ఉన్నయి మేడమ్" అన్నాడు గంగన్న హిందీలో, నాదియా వైపు తిరిగి. "కోసేయాలె అని రూల్ ఉండె. నేను కోయలే. ముప్పై ఏండ్లు దొంగ సంతకం పెట్టిన. సమాయిల్ బండికి డబ్బా ఇచ్చింది నేనే. సంజీవ్ దొంగ కాదు. అది నకిలీ కాదు, పాతది. పాతబడ్డది."

నాదియా ఫైలు తెరిచింది. ఫైల్లోంచి సంజీవ్ కాగితం తీసి, మధ్యకు మడిచి, మళ్లీ మడిచి చేతి సంచిలో వేసుకుంది. "సంజీవ్ సంగతి అయిపోయింది. నీ సంగతి రేపు మాట్లాడుకుందాం" అంది మెల్లగా. ఆ 'రేపు' అంటే ఏమిటో గంగన్నకు అర్థమైంది.

జర్మనీ ఆవిడ ఆత్రంగా అడుగుతోంది, ఆయన ఏమంటున్నాడు అని. నాదియా చిరునవ్వు తెచ్చుకుని ఇంగ్లీషులో చెప్పింది. మీ కంపెనీ మీద అభిమానంతో ఇన్నేళ్లు భద్రంగా దాచాడట, అని.

ముప్పై రెండేళ్లు కౌంటరు వెనక నిలబడ్డ మనిషికి ఆమాత్రం ఇంగ్లీషు రాకుండా పోతుందా? గంగన్న తల అడ్డంగా ఊపాడు. "నో మేడమ్. నో" అన్నాడు. అంతకుమించి ఆ భాష అతనికి సాయం రాలేదు. ఆవిడ పెన్ను పట్టుకుని చూస్తోంది, ఫోటో తీసేవాడు కెమెరా ఎత్తాడు. నాదియా పెదవులు బిగించి ఎటో చూస్తోంది. గంగన్నకు దుఃఖం వచ్చింది. వచ్చిన దుఃఖం హిందీలోనూ రాదు, ఇంగ్లీషులోనూ రాదు. తన భాషలోనే వచ్చింది.

"అమ్మా, నీ చరిత్రల నా పేరు రాయకు. ఈ డబ్బా రాస్తే దీని ముచ్చట మొత్తం రాయాలె."

ఆవిడకూ అర్థం కాలేదు, నాదియాకూ అర్థం కాలేదు. అప్పుడు వెనక గోడ దగ్గర నుంచి ఒక గొంతు అదే మాటను ఇంగ్లీషులో చెప్పింది. సంజీవ్. షారుఖ్ అతని భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. సంజీవ్ కుర్చీల మధ్యగా నడిచొచ్చి గంగన్న పక్కన నిలబడ్డాడు. ముఖం వైపు మాత్రం చూడలేదు.

"రబ్బరుకు ఆయుష్షు ఉంటది. అది తెలిసి గూడ ఇచ్చిన. గొప్ప కోసం ఇచ్చిన."

సంజీవ్ చెప్పాడు.

"బ్రేకు పడలే. ముందర పిల్లలుంటే డ్రైవర్ గోడకు తిప్పిండు. ఆయన కాలు విరిగింది. ఆయన పేరు వీరబ్రహ్మం. కడప మనిషి. ఆ యుద్ధంలోళ్ల పేర్లు రాసినట్టు ఆయన పేరు గూడ రాయి."

సంజీవ్ చెప్పాడు. జర్మనీ ఆవిడ డబ్బాను బల్ల మీద దించింది. కెమెరా వాడిని చేత్తో వారించింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టింది.

గంగన్న అక్కడితో ఆపలేదు. "ఇంకోటి ఉన్నది. ఈ పిల్లగాన్ని దొంగ అంటుంటే మూడు దినాలు నోరు మూసుకున్న. అన్నం ముంగట కూసోని అడిగితె గూడ యాదికి లేదన్న. అబద్ధమాడిన."

ఆవిడ తలెత్తి సంజీవ్ వైపు చూసింది. సంజీవ్ ఏదో చెప్పాడు. రెండే రెండు ఇంగ్లీషు మాటలు. ఆవిడ తల ఊపి పుస్తకం మూసింది. గంగన్న విన్నాడు. సంజీవ్ అన్నది 'అంతే మేడమ్' అని, అంతే.

"అది చెప్పకపోతివేందిరా?" అన్నాడు గంగన్న.

సంజీవ్ మూడు రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. కోపం ఇంకా పోలేదు, కళ్లలో అట్లాగే ఉంది.

"అది ఆమె చరిత్ర కాదు కాకా" అన్నాడు. "మనది. మనం మాట్లాడుకుందాం."